సుగుణమ్మగారు ఎంచిన హీటరు

మొన్న చలికాలంలో లంబసింగిలో ఒక టీ కొట్టు దగ్గర ఆగాను. మంచు ఇంకా విడలేదు. కొట్టువాడు నాలుగు వైపులా ప్లాస్టిక్ పట్టాలు దించి, మధ్యలో గ్యాసు హీటరు వెలిగించాడు. దాని జాలీ ఎర్రగా కాగుతోంది. ఊళ్ళు చూడ్డానికి వచ్చినవాళ్ళు చుట్టూ చేరి చేతులు కాచుకుంటున్నారు. లోపలికి అడుగు పెట్టగానే కాలిన గ్యాసు వాసన, తడి ఉన్ని వాసన కలిసి ముక్కుకు తగిలాయి. కళ్ళు కొద్దిగా మండాయి. టీ చెప్పకుండానే వెనక్కి తిరిగి, ఒక పట్టాను నడుము ఎత్తు దాకా చుట్టి తాడుతో కట్టేశాను.

“ఏటి పెద్దాయనా, సలి లోపలికొచ్చెత్తాది. దించీ” అన్నాడు కొట్టువాడు.

“రానీ బాబూ. చలేస్తే ఇంకో టీ తాగుతారు” అన్నాను. అతను నవ్వాడు. ముడి బిగిస్తుండగా సుగుణమ్మగారు గుర్తుకొచ్చారు. ఆవిడైతే ముడి వేసి ఊరుకునేవారు కాదు. ఆ హీటరునే మార్పించేవారు.

తొంభైల చివరలో ఆవిడ జోలాపుట్ జలాశయం ఒడ్డున ఉన్న ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో పెద్ద నర్సు. నేను అక్కడ స్టోర్‌కీపర్ని. డాక్టరు వారానికొకసారి వచ్చేవాడు, మిగతా రోజులు ఆసుపత్రి అంటే ఆవిడే. కాకినాడ దగ్గర పుట్టిన మనిషి, పొట్టిగా ఉండేవారు. మాట నెమ్మదిగా వచ్చేది, పట్టు మాత్రం ఉడుంపట్టు. నీటికి అవతల ఉన్న ఊళ్ళకు రోడ్డు లేదు. కొండ చుట్టి నడిస్తే పొద్దు గడిచిపోయేది. అందుకని భీమిలి వైపు వడ్రంగుల చేత ఆసుపత్రి ఒక చిన్న తెరచాప పడవ కట్టించింది. గాలి లేనప్పటికి చిన్న ఇంజను ఉండేది. మధ్యలో ఇద్దరు పడుకునేంత ప్లైవుడ్ గది. దాన్ని నడిపే అప్పలరాజు కూడా భీమిలి మనిషే. “సముద్రం సూసినోడిని తెచ్చి సెరువులో పడేశారు బాబూ” అని రోజూ గొణిగేవాడు గాని, ఎంత మంచులోనైనా పడవ తీసేవాడు.

ఆ గదిలో వచ్చేది ఎక్కువగా బాలింతలు, పురిటి నొప్పులు పడేవాళ్ళు. శీతాకాలం తెల్లవారుజామున ఆ నీటి మీది చలి ఎముకల్లోకి దిగుతుంది. అక్కడి ఆచారం ప్రకారం బాలింతకు గాలి సోకకూడదు. గదిలో వెలుతురు కనిపించిన ప్రతి సందులోనూ గుడ్డ కుక్కుతారు, మంచం కింద నిప్పు పెడతారు. గడ్డి కప్పిన ఇంట్లో అది చెల్లుతుంది, పైకప్పులోంచి పొగ పోతుంది. పడవ గది అలాంటిది కాదు. ఒక చలికాలం కుంపటి పెట్టి, కిటికీలకు గోనెలు కుక్కి తీసుకొచ్చిన తల్లినీ అత్తనూ స్పృహ లేకుండా ఒడ్డుకు మోసుకొచ్చాం. గాలి తగిలాక తేరుకున్నారు. సుగుణమ్మగారు కుంపటి మాన్పించారు. ఆ తర్వాత కొద్ది రోజులకే, నెలలు నిండకుండా పుట్టిన ఒక పసికందు ఒళ్ళు చల్లబడిపోయి, ఒడ్డు చేరేలోపే పోయింది. ఆవిడ ఆ బిడ్డను తల్లి చేతుల్లోంచి తీసుకుని చాలాసేపు ఒళ్ళో పెట్టుకు కూర్చున్నారు. లేచాక నాతో ఒక్క మాటే అన్నారు. “ప్రకాశరావు గారూ, ఇంకో చలికాలం ఇలా వద్దు.”

గ్యాసు హీటరు కొనడానికి ఆసుపత్రి కమిటీ వెంటనే ఒప్పుకుంది. పేచీ ఏ హీటరు అన్నదగ్గర వచ్చింది. కమిటీ పెద్ద మంచివాడే, మైదానం నుంచి వచ్చి సంతల్లో వ్యాపారం చేసి స్థిరపడినవాడు. బజారులో దొరికే ఎర్రజాలీ హీటరు చాలన్నాడు.

“కిటికీ కొంచెం తీసి ఉంచమని చెబితే సరిపోతుంది కదమ్మా. కావాలంటే తెలుగులోనూ ఒరియాలోనూ బోర్డు రాయిద్దాం.”

“నా పెద్దోడు పుట్టినప్పుడు నేనూ గదిలోనే ఉన్నానండీ” అన్నారు సుగుణమ్మగారు. “అప్పటికే నర్సు చదువు పాసయ్యాను. కిటికీ తీయమని మా అమ్మని బతిమాలాను. తీసిందనుకున్నారా? పైనించి దుప్పటి కూడా కట్టింది. మా అమ్మకే చెప్పలేనిదాన్ని, వీళ్ళకి బోర్డు పెట్టి చెబుతానా?”

ఆయన “సరే, మీ ఇష్టం” అన్నాడు.

ఇద్దరం విశాఖపట్నం వెళ్ళాం. బజారంతా తిరిగినా ఆవిడకు నచ్చినది దొరకలేదు. చివరికి హార్బరు దగ్గర పాత ఓడల సామాన్లు అమ్మే కొట్టు ఒకటి కనబడింది. కొట్టాయన మమ్మల్ని పైకీ కిందికీ చూసి, “ఏటమ్మా, ఓడ గాని కొన్నారేటి?” అన్నాడు.

“కొన్నాం బాబూ. నలుగురు ఎక్కితే నిండిపోతుంది.”

అతను నవ్వుతూ ముందు మంట కనిపించని రకం ఒకటి తీశాడు. పలక వేడెక్కుతుంది, అంతే. “మంటే నేదు, బయమేటి?”

“మంట కనిపించకపోతే గదిలో గాలి తినదా?”

“తింటాది. కిటికీ కొంచెం...”

“అయితే వద్దు.”

ఆఖరికి అతను గూట్లోంచి దుమ్ము పట్టిన రేకు పెట్టె ఒకటి దించాడు. మంట దాని లోపల మూసి ఉంటుంది. ఒకదానిలో ఒకటి దూర్చిన రెండు గొట్టాలు గోడ దాటి బయటికి పోతాయి. మంటకు కావలసిన గాలిని బయటి నుంచే తీసుకుంటుంది, కాలిన గాలిని బయటికే వదులుతుంది. గదిలోకి వేడి తప్ప ఇంకేమీ రాదు. మంట ఆరిపోతే గ్యాసు దానంతటదే ఆగిపోతుంది. సుగుణమ్మగారు అక్కడే కొట్టు మెట్టు మీద కూర్చుని వెలిగించమన్నారు, ఆర్పమన్నారు, మళ్ళీ వెలిగించమన్నారు. కొట్టాయనకు విసుగొచ్చి, “సంబంధానికొచ్చి పిల్లని నడిపించినట్టు నడిపిత్తన్నారమ్మా” అన్నాడు. “ఇంటికి తెచ్చుకునేదాన్ని చూసుకోవద్దా?” అన్నారావిడ, చూపు మంట మీదినుంచి తీయకుండా.

హీటరు బిగించేటప్పుడు సిలిండరు గదిలో వద్దన్నారు. “గ్యాసు గాలికంటే బరువు. ఇంట్లో కారితే గుమ్మం దాటి పోతుంది, పడవకి గుమ్మం ఏదీ? అడుగున చేరి కూర్చుంటుంది” అని, పడవ వెనక భాగంలో పెట్టె చేయించి, దాని అడుగున నీటివైపుకు కన్నం పెట్టించారు. అంతా అయ్యాక నేను పని పూర్తయిందనుకున్నాను. ఆవిడ అవతలి ఒడ్డు నుంచి బుద్రి మామ్మను పిలిపించారు. ఆ ఊళ్ళన్నిటికీ మామ్మే మంత్రసాని.

“మామ్మా, నీ కోడలు పురిటికి ఉందనుకో. ఈ గది ఎలా మూస్తావో మూయి” అన్నారు.

మామ్మ తన పనిలో పడింది. కిటికీలకు గోనె, తలుపు కింద చీర, పలకల సందుల్లోకి తడి మట్టి. గది చీకటైపోయింది. బయటికొచ్చి, చుట్టూ తిరిగి, గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన గొట్టం దగ్గర ఆగింది. “ఇదేటమ్మా, ఇంత కన్నం ఒగ్గేసినారు?” అంటూ కొంగు చింపి అందులో కుక్కింది.

 ఎవరమూ అనుకోనిది అదే. కాసేపటికి లోపల వెలుగుతున్న హీటరు మంట ఆరిపోయింది. సుగుణమ్మగారికి కోపం రాలేదు. గుడ్డ తీయించి, మళ్ళీ వెలిగించి, మామ్మ చెయ్యి పట్టుకుని గొట్టం ముందు పెట్టారు. వెచ్చటి ఆవిరి ఆమె అరచేతికి తగిలింది.

“ఇది పొయ్యి ముక్కు మామ్మా. దీని ఊపిరి లోపలికి రాదు, బయటే పీలుస్తుంది, బయటే వదులుతుంది. ముక్కు మూస్తే?”

మామ్మ చెయ్యి తీయలేదు. “సచ్చిపోద్ది” అంది. తర్వాత అప్పలరాజు వైపు తిరిగి, “ఒరే, దీని ముక్కు మీద తడిబట్టలు ఆరేసేవంటే నీ ముక్కు కోసీగల్ను” అంది. అయినా సుగుణమ్మగారు గొట్టం చుట్టూ జాలీ గూడు కట్టించారు. ఆ తర్వాత తనే ఆ మూసిన గదిలో కూర్చుని తలుపు వేయించుకున్నారు. నేను వద్దన్నాను. “పిల్లతల్లిని పడుకోబెట్టే చోట నేను కూర్చోకపోతే ఎలాగండీ?” అన్నారు. మధ్యాహ్నం భోజనాల వేళకు బయటికి వచ్చారు. చెమటతో మొహం మెరుస్తోంది, తల మాత్రం తిరగడం లేదన్నారు.

తర్వాతి శీతాకాలమే పరీక్ష వచ్చింది. అవతల నెలలు నిండని బిడ్డ పుట్టిందని కబురు. తల్లీబిడ్డలను, తోడుగా బుద్రి మామ్మను తీసుకురావడానికి అప్పలరాజు వెళ్ళాడు. తిరుగు దారిలో మంచు కమ్ముకుంది, ఇంజను చప్పుడు మధ్యలోనే ఆగిపోయింది. మేం రేవులో నిలబడ్డాం. చెయ్యి చాపితే వేళ్ళు కనబడడం లేదు. సుగుణమ్మగారు వార్డులోంచి స్టీలు ట్రే తెప్పించి, గరిటెతో వాయించమని నాకిచ్చారు. పడవలో ఉన్నవాళ్ళకు దిక్కు తెలియడానికి అదొక్కటే దారి. వాయిస్తూనే ఉన్నాను. పొద్దెక్కింది. ఎక్కడినుంచో అప్పలరాజు కేక వినిపించింది. “కొట్టండి బాబూ, ఆపీకండి!” లేని గాలిలో తెరచాప పట్టుకుని, తెడ్డు వేసుకుంటూ ఒడ్డుకు వచ్చాడు.

సుగుణమ్మగారు నీళ్ళలోకి దిగి గది తలుపు తోశారు. అది రాలేదు. లోపలి నుంచి మూసేశారు. ఆవిడ పిడికిలితో తలుపు బాదారు. “మామ్మా! పలకవే!”

“ఆగండమ్మా! గాలి ఇసురుతాది. పసిగుంటకి గుడ్డ సుట్టనీండి ముందు” అంది లోపలి నుంచి బుద్రి మామ్మ గొంతు, కసురుతూ.

ఆ కసురు విని సుగుణమ్మగారు నీళ్ళలోనే నిలబడి గట్టిగా నవ్వారు. ఆవిడ అలా నవ్వడం నేను చూసింది అప్పుడే. తలుపు తీశాక ముందు బిడ్డ పాదాన్ని పట్టుకున్నారు. “వెచ్చగా ఉందండీ” అన్నారు నాతో. మరుక్షణం చీర కుచ్చెళ్ళు పిండుకుంటూ, “అప్పలరాజూ, ఇంజను సంగతి చూడు. సాయంత్రం మళ్ళీ వెళ్ళాలి” అన్నారు.

రెండువేల సంవత్సరం తర్వాత ఆవిడ రిటైరై కాకినాడ వెళ్ళిపోయారు. ఇప్పుడు లేరు. నేనూ ఉద్యోగం వదిలి అరకులో స్థిరపడ్డాను. ఆసుపత్రి రోజులనుంచీ రాస్తున్న డైరీల్లో ఆవిడ చెప్పిన మందుల వివరాలు చాలానే ఉన్నాయి గాని, అవి నాకిప్పుడు పనికిరావు. పనికొచ్చేది కాగితం మీద లేదు. కిందటి వారం మా వీధి అంగన్‌వాడీకి నీళ్ళ ఫిల్టరు కొనాలని రెండు రకాలు తెచ్చి, టీచరమ్మ నన్ను ఎంచమంది. రెండింటినీ వంట చేసే ఆమె ముందు పెట్టించి, పక్కన స్టూలు వేసుకు కూర్చున్నాను. ఆమె ఎప్పటిలా పిల్లలకు నీళ్ళు పడుతోంది.

“తాతగారూ, ఇంతసేపయింది. ఏది మంచిదో చెప్పారు కాదు” అంది టీచరమ్మ.

“ఉండమ్మా. నీళ్ళు పట్టే ఆవిడ చేతులు చూడనీ” అన్నాను.