గడ్డి మాకు వదలండి

మా ఆఫీసులో తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. అయినా మా కంపెనీ సోలార్ ప్లాంటు ఉన్న ఊరినుంచి ఎవరైనా వస్తే పిలిచేది నన్నే. విజయవాడ నుంచి వచ్చిన మా టీం అబ్బాయి మాట్లాడితే వాళ్ళు మర్యాదగా తల ఊపి, తర్వాత నా వైపు తిరిగి "ఏమంటాండాడు?" అని అడుగుతారు. మాది తాతల కాలం నుంచీ బెంగళూరే. ఇంట్లో "అన్నం ఉండాది, తిందురా అప్పా" అనుకునే రకం. కాలేజీలో ఆ మాటకు నవ్వారు, ఆఫీసులోనూ నవ్వారు. చివరికి ఆ భాషే నాకింత గౌరవం తెచ్చింది. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ ఊరికే అనదు. ఆ గౌరవానికి నేనెంత మురిసిపోయానో తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆఫీసు బెంగళూరులోనే, కుందలహళ్ళిలో. సోలార్ ప్లాంటు మాత్రం ఆంధ్ర సరిహద్దు పక్కన, వానదేవుడు మొహం చాటేసిన ఊళ్ళో. అబద్ధమెందుకు, సోలార్ వల్ల ఆ ఊరికి మేలే జరిగింది. రైతులు భూములు అమ్ముకోలేదు, కంపెనీకి కౌలుకిచ్చారు. వాన పడ్డా పడకపోయినా ఏటా కౌలు చేతికొస్తుంది. బోరు వేసి, అది ఎండిపోతే ఇంకో బోరు వేసి నెత్తిన చేతులు పెట్టుకునే బాధ తప్పింది. తారురోడ్డు పడింది. బస్సు ఊరి నడిమధ్యకు వస్తోంది. ఇక్కడ హూడిలో అపార్ట్‌మెంట్లకు కాపలా కాసిన కుర్రాళ్ళు కొందరు తిరిగి వెళ్ళి, అక్కడే వైర్ల పనిలో చేరి పెళ్ళిళ్ళు చేసుకున్నారు. ఇవన్నీ వచ్చిన ప్రతి అతిథికీ నేనే చెప్పేదాన్ని. నమ్మే చెప్పాను. ఇప్పటికీ నమ్ముతాను.

కాకపోతే భూమి ఉన్నవాళ్ళ సంగతి అది. గొర్రెలు మేపుకునేవాళ్ళకు భూమీ లేదు, కౌలూ రాదు. వాళ్ళు తరతరాలుగా మందలు తోలుకున్న బీళ్ళన్నీ కంచె లోపలికి వెళ్ళిపోయాయి.

పోయిన ఏడాది, కంపెనీలో డబ్బు పెట్టిన పెద్దమనుషులు విదేశం నుంచి వచ్చారు. ఊరి ఆడవాళ్ళను ఆఫీసుకు రప్పించి వాళ్ళ నోటితోనే సోలార్ మేలు చెప్పిద్దామన్నారు మావాళ్ళు. తెలుగును ఇంగ్లీషులోకి మార్చి చెప్పే పని నాది. మా బాస్ కన్నడాయన, మంచివాడే. పొద్దున్నే నన్ను పిలిచి "కొంచెం పాజిటివ్‌గా ఉండేట్టు చూడమ్మా" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

వచ్చిన ఆడవాళ్ళలో ఒక అక్క గొర్రెల మనిషి. నడివయసు దాటింది, గొంతు కంచుగంట. నన్ను ఎగాదిగా చూసి "నీ మాట మా పక్క మాట మాదిరే ఉండాదే! ఈ అద్దాల గూట్లో ఏం చేస్తాండావే పాపా?" అంది. నవ్వేశాను. వచ్చే దారిలో హొసకోటెలో వ్యాన్ ఆపి తాగించిన టీ బాగాలేదని డ్రైవర్‌ను కూడా తిట్టింది. నాకు ఆ అక్క తెగ నచ్చింది.

తన వంతు వచ్చినప్పుడు లేచి నిలబడింది. రోడ్డు గురించి, బస్సు గురించి మంచిగానే చెప్పింది. తర్వాత గొంతు సవరించుకుంది.

"సామీ, అడగందే అమ్మయినా అన్నం పెట్టదు. అందుకే అడుగుతాండా. మీరు ఆ సోలార్ ప్లేట్లు కడిగిన నీళ్ళకు కింద గడ్డి మోకాలెత్తు పెరిగుండాది. మా గొర్రెలు కంచె బయట నిలబడి దాన్నే చూస్తాండాయి. ఆ గడ్డి మాకు వదలండి. దినానికి ఒక పూట గేటు తీస్తే చాలు."

అందరూ నా వైపు చూశారు. కంచె, గేటు, ఆకలిగొన్న గొర్రెలు — ఇందులో పాజిటివ్ ఎక్కడుంది? ఇది ఫిర్యాదు కాదూ? పెద్దమనుషుల మొహాలు మాడిపోతే ఆ మాట నా మెడకు చుట్టుకోదూ? "గడ్డి మాకు వదలండి" అన్న మాటకు ఇంకో అర్థం కూడా ఉందని అప్పుడు తట్టింది. గడ్డి పని మాకు వదిలేయండి. అదే చెప్పాను. అక్కడ గడ్డి బాగా పెరిగిందట, దాన్ని కోసే పని ఊరివాళ్ళకే ఇవ్వమంటున్నారు అన్నాను. గొర్రెల ఊసే ఎత్తలేదు.

హాలంతా చప్పట్లు. ఒక పెద్దమనిషి లేచి వచ్చి అక్కకు దండం పెట్టాడు కూడా.

"ఒప్పుకున్నారా పాపా?" అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఊఁ" అన్నాను.

నేనన్న మాట ప్రకారమే పని జరిగింది. గడ్డి కోసే మిషన్లు వచ్చాయి. ఒక కాంట్రాక్టర్ వచ్చి ఊరివాళ్ళనే కొందరిని పెట్టుకున్నాడు. కంపెనీ పత్రికలో ఫోటో వేసి, ఇది ఊరివాళ్ళు కోరి తెచ్చుకున్న మేలు అని రాశారు. రాసింది కూడా నేనే. ఇంతకన్నా ఏం సిగ్గుమాలినతనం ఉంటుంది!

మొన్న మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఉండగా అక్క ఫోన్ చేసింది.

"ఏం పాపా, గేటు యాడ తీసిరి? ఎవరో వచ్చి గడ్డంతా నున్నగా కోసి ట్రాక్టర్‌కెత్తుకుని పోతాండారు. మా ఆయన ఈ శనివారం గొర్రెల్ని సంతకు తోలుతానంటాండాడు. ఇంట్లో ఒకటే ఏడుపు. మీ సారుకు ఇంకొక్క తూరి చెప్పు తల్లీ. నేను ఫోన్ పెట్టను, పట్టుకోనే ఉంటా."

తింటున్న కంచం పక్కకు నెట్టి లేచాను. అక్కకు వినపడకుండా ఫోన్‌ను అరచేత్తో మూసి బాస్ గదికి వెళ్ళి, తలుపు దగ్గరే నిలబడి అంతా చెప్పేశాను. ఆ రోజు అక్క అడిగింది ఒకటి, నేను చెప్పింది ఇంకొకటి అని కూడా చెప్పాను. కేకలేస్తాడనుకున్నాను. వేసినా బాగుండేది.

ఆయన కళ్ళద్దాలు తీసి నన్ను వింతగా చూశాడు. "ఆవత్తే హేళ్బేకిత్తల్లమ్మా" అన్నాడు. ఆ రోజే చెప్పాల్సింది కదా అని. వేరే చోట మా ప్లేట్ల కింద గొర్రెలు మేస్తూనే ఉన్నాయట. గడ్డి కోసే ఖర్చు మిగులుతుందని కంపెనీకి అదే ఇష్టమట. ఆ పెద్దమనుషులైతే ఎగిరి గంతేసి ఒప్పుకునేవాళ్ళట. "ఇప్పుడు కాంట్రాక్ట్ కుదిరిపోయింది. దాని గడువు తీరేదాకా ఏమీ చేయలేం" అన్నాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఎవరో ఎక్కడో అలాంటివాళ్ళుంటారని నేనూ ఎన్నోసార్లు ఆ మాట అన్నాను. ఆ పూజారిని నేనే. నన్నెవరూ వద్దనలేదు, బెదిరించలేదు. నా పిరికితనం నాదే.

వరండాలోకి వచ్చి ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాను. అవతల గొర్రెలు అరుస్తున్నాయి.

"ఏమంటాండాడు పాపా మీ సారు?"

నేను చేసింది చెప్పాలనే నోరు తెరిచాను. వచ్చిన మాట వేరు.

"ఆ రోజే అడిగుంటే ఇచ్చేవాళ్ళంట అక్కా."

అక్క గొర్రెల్ని ఒకసారి అదిలించింది.

"అడిగితిమి గదమ్మా" అంది. "నువ్వే గదా చెప్తివి."