నాగేశ్వరమ్మ ఎందుకు ఒప్పుకోలేదంటే

ఢిల్లీలో ఆదివారం కాల్కాజీ వెళ్తే, బహాయీ మతంవాళ్ళు కొత్తగా కట్టిన కమలం గుడి దగ్గర మీ చెప్పులు అందుకునే మనిషి వీరరాఘవులు కావచ్చు. నలభై దాటిన మనిషి, సన్నగా ఉంటాడు, చొక్కా ఎప్పుడూ ఇస్త్రీ. చెప్పులు తీసుకుంటాడు, బిళ్ల చేతిలో పెడతాడు. లోపలికి వెళ్ళాక మాట్లాడకూడదని పక్కవాళ్ళు చెబుతుంటారు. ఇతను బయట కూడా మాట్లాడడు.

మొన్న మా తోటికోడలు నాతో వచ్చి, వాడి చేతికి చెప్పులిచ్చి, నాలుగడుగులు వేశాక నా చెవిలో, "పెళ్ళి కాలేదట పాపం. తల్లి కులం పట్టింపుతో చెడగొట్టిందటగా" అంది. ఎవరు చెప్పారే అంటే, గుడికి వచ్చేవాళ్ళే ఎవరో అన్నారంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒకరి చెడు ఇంకొకరికి చెప్పకూడదని ఆ బహాయీలకి పెద్ద నియమం. చచ్చిపోయిన ముసలావిడ గురించైతే చెప్పొచ్చు కాబోలు! మళ్ళీ వెనక్కి వెళ్ళి, "ఒరే రాఘవులూ, మీ అమ్మ సంగతి నేను రాసేస్తాను" అన్నాను. "రాయండక్కా" అన్నాడు. అందుకని రాస్తున్నాను.

వాడిది తెనాలి పక్క ఊరు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. డెబ్భై మూడులో ఢిల్లీ వచ్చాడు, ఇంజనీర్ల ఆఫీసులో నక్షాలు ట్రేసు చేసే ఉద్యోగం. ఆర్కేపురంలో మా పై వాటా. ఆ ఆఫీసులో సెక్షనాఫీసరు అనంతరామయ్యగారు బహాయీ. ఆయనింటికి టీకి వెళ్ళి, మనుషులంతా ఒక్కటే అన్న మాట దగ్గర ఆగిపోయాడు వీడు. ఆ ఏడే బహాయీ అయ్యాడు. నేను కాలేదు. టీకి మాత్రం వెళ్ళేదాన్ని, బిస్కెట్లు బావుండేవి.

పందొమ్మిది రోజులకోసారి వాళ్ళు ఎవరో ఒకరింట్లో కలుస్తారు. ప్రార్థనలు, మంచీ చెడ్డా మాటలు, ఫలహారం. పూజారంటూ ఎవరూ ఉండరు. తెలుగు ప్రార్థన మాత్రం రాఘవులే చదవాలి. వాడు గొంతెత్తితే ఒక్క ముక్క అర్థంకాని పంజాబీవాళ్ళు కూడా కళ్ళు మూసుకునేవాళ్ళు. ఆ ఇళ్ళూ ఆ మనుషులూ వాడికి ప్రాణం. ఈ సంగతి గుర్తుంచుకోకపోతే, తర్వాత వాడు చేసిందంతా మీకు ఉత్త పిరికితనంలా కనబడుతుంది.

ఆ రోజుల్లో మాణిక్యమని ఎయిర్‌ఫోర్సు కార్పొరల్ ఒకడు, గుంటూరు అబ్బాయి, సెలవు దొరికితే చాలు వీడి గదిలోనే ఉండేవాడు. ఇద్దరూ అన్నదమ్ముల్లా ఉన్నారని వాటాలవాళ్ళమంతా మురిసిపోయేవాళ్ళం. అన్నదమ్ములు కారు. మాణిక్యానికి జోర్హాట్ బదిలీ అయింది. కొన్నాళ్ళకి వాడి పెళ్ళి శుభలేఖ వచ్చింది. రాఘవులు అది చదివి, మడిచి, సంచీ పట్టుకుని కూరలు తేవడానికి వెళ్ళాడు. ఆ మర్నాటినుంచి వాడికి ఏ కూర తిన్నా ఒకటే.

చివరికి వెళ్ళి అనంతరామయ్యగారి ముందు కూర్చున్నాడట. ఇది తర్వాత వాడే నాకు చెప్పాడు. నోరు తెరవగానే ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "ఏదైనా తప్పు చేశానని చెప్పబోతున్నావా? వద్దు నాయనా. ఒకరి ముందు ఒకరు పాపాలు ఒప్పుకునే పద్ధతి మనకు లేదు. దేవుడితో చెప్పుకో" అన్నారట.

"చేసింది కాదండీ. నేనేమిటో చెబుతున్నాను" అన్నాడట వీడు. చెప్పేశాడు.

ఆయన అరవలేదు, వెలెయ్యలేదు. అది ఒప్పుకోవాలి. చెయ్యి పట్టుకుని, "నిన్ను అసహ్యించుకోమని మన ధర్మంలో లేదు, సాయం చెయ్యమనే ఉంది. ఆ బతుకు బతకడానికి మాత్రం ఒప్పుకోదు. డాక్టరుకి చూపిద్దాం, ప్రార్థన చేద్దాం" అన్నారు. ఎవరో డాక్టరు మాత్రలిచ్చాడు. వాటితో వీడు పూర్తిగా మొద్దుబారిపోయాడు. "పన్ను పీకడానికి మత్తిస్తారు చూడక్కా, దవడ ఉందో లేదో తెలియదు. ఒళ్ళంతా అలాగే ఉంది" అనేవాడు. పెళ్ళయితే సర్దుకుంటుందని డాక్టరన్నాడు. అనంతరామయ్యగారు నమ్మారు. ఎంత నమ్మారంటే, తన సొంత మేనకోడల్నే ఇస్తానన్నారు.

ఆ పిల్ల హైమవతి. బళ్ళో టీచరు. వాడి ప్రార్థన విని మనసు పడింది. ఆ పిల్లకి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఇందాక చెప్పానే, పరుల లోపం ఎత్తకూడదని నియమం! మంచి నియమమే, మన వాటాల్లో కూడా ఉంటే బావుణ్ణు. కానీ పెళ్ళికూతురికి చెప్పి తీరాల్సిన మాట కూడా దాని కింద పడి నలిగిపోయింది. ఇక రాఘవుల్ని అడిగితే, "మీరెలా అంటే అలా" అన్నాడు. కాఫీయా టీయా అని అడిగినా అప్పట్లో అదే అనేవాడు.

బహాయీల పెళ్ళికి ముహూర్తం లేదు, కులం అసలే లేదు. ఒక్కటి మాత్రం ఉండి తీరాలి. పిల్లా పిల్లాడి తల్లిదండ్రుల్లో బతికున్న వాళ్ళంతా ఒప్పుకోవాలి. వాళ్ళు బహాయీలు కాకపోయినా సరే. ఒక్కరు కాదన్నా పెళ్ళి ఆగిపోతుంది. హైమవతి అమ్మానాన్నా సరేనన్నారు. మిగిలింది రాఘవులు తల్లి నాగేశ్వరమ్మ. ఆవిడ అప్పటికి ఊళ్ళో ఇల్లు ఖాళీ చేసి కొడుకు దగ్గరికి వచ్చేసింది.

ఎనభై ఒకటి ఎండాకాలంలో అనంతరామయ్యగారు లడ్డూలు పట్టుకుని వచ్చారు. నేను అక్కడే ఉన్నాను.

"నేనొప్పుకోను" అంది నాగేశ్వరమ్మ.

"పిల్ల నచ్చలేదామ్మా?"

"కులం తక్కువ పిల్లని నా కొడుక్కి చేసుకోను. ఇంకేం అడక్కండి."

మనుషులంతా ఒక్కటేనని రోజూ చెప్పుకునే పెద్దమనిషి మొహం మీద అంటుందా ఆ మాట! ఆయన మొహం మాడిపోయింది. రాఘవులు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. నాకైతే సిగ్గేసి కిందకి దిగిపోయాను.

రెండేళ్ళు బతిమాలారు ఆవిణ్ణి. ఒకరి తర్వాత ఒకరు వచ్చి నచ్చజెప్పడం, ఆవిడ అదే పాట పాడటం. హైమవతి మాత్రం ఎవరినీ వెంటబెట్టుకోకుండా, ఆదివారం బస్సెక్కి, గిన్నెలో బెండకాయ పులుసు తెచ్చేది. ముసలావిడ గిన్నె అందుకుని, కిందటివారం గిన్నె కడిగి చేతిలో పెట్టి, "వెళ్ళమ్మా, బస్సు దొరకదు" అని పంపించేసేది. ఆ పిల్ల మా గుమ్మం ముందునుంచి తలొంచుకుని వెళ్ళేది.

ఒకరోజు చూద్దును కదా, ఆవిడ ఆ పులుసే అన్నంలో పోసుకుని, గిన్నె అడుగు వేలితో తుడిచి మరీ తింటోంది. నాకు చిర్రెత్తింది.

"ఏం పిన్నిగారూ, చేతి వంట పనికొస్తుంది గానీ ఆ చెయ్యి పనికిరాదా?"

ఆవిడ చెయ్యి కడుక్కుని, తలుపు గడియపెట్టి వచ్చి కూర్చుంది.

"లీలా, వాడు నాతో చెప్పుకున్నాడే. ఆడదాని మీదికి నా మనసు పోదమ్మా, ఎన్నడూ పోలేదు అన్నాడు. నాకీ సంగతులు తెలియవు. ఎందుకలా పుట్టాడో తెలియదు. నా కడుపున పుట్టాడు, అంతే. ఆ పెద్దాయన చెయ్యమంటే వీడు కాదనలేడు, కాదంటే ఆ మనుషులంతా దూరమైపోతారని బెంగ. పోన్లే, ఆ కాదనేదేదో నేనే అంటున్నా. నిజం చెప్తే వాడి పరువు పోతుంది. కులమంటే నా పరువేగా పోయేది. ముసల్దాన్ని, నా పరువు ఎవడిక్కావాలే?"

"ఆ పిల్ల ఉసురు తగలదూ?"

"తగుల్తుంది, తగలనీ. పెళ్ళి చేస్తే తగిలేదానికంటే తక్కువే." ఆ ఖాళీ గిన్నె దగ్గరికి లాక్కుని, "బంగారమే అది. కోడలుగా వద్దు గానీ కూతురుగా పుట్టుంటే ఎంత బావుండేది" అంది. మెట్లు దిగి వచ్చేశాను.

ఎనభై మూడు చలికి ఆవిడకి ఆయాసం ముదిరింది. ఆసుపత్రిలో అనంతరామయ్యగారు చూడటానికి వచ్చారు. పెళ్ళి మాట ఎత్తలేదు, మర్యాదస్తుడు. ఆవిడే అడిగింది, "నేను పోతే ఏమవుతుందండీ? నా మాట మాటేగా?" అని.

"బతికున్నవాళ్ళ అంగీకారమే కావాలమ్మా" అన్నారాయన నెమ్మదిగా.

అదొక్కటీ ఆవిడకి తెలియదు. తాను కాదన్న మాట తనతోనే పోతుందని అనుకోలేదు. ఆయన వెళ్ళగానే కొడుకుని పిలిచి, మాస్కు పక్కకు లాగి, "నాన్నా, ఇక నువ్వే అనాలిరా" అంది. "సరేనమ్మా" అన్నాడు. అందరికీ చెప్పే సరే అది. ఆవిడ వాడి మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ వారంలోనే పోయింది. నిగంబోధ్ ఘాట్‌లో వాడు దహనం పనులన్నీ చెప్పినట్టు చేశాడు, కంట్లో చుక్క లేదు. "ఏడుపు రావట్లేదక్కా, ఏం చెయ్యను?" అని నన్నడిగాడు.

కర్మలయ్యాక అనంతరామయ్యగారు హైమవతినీ తల్లిదండ్రులనీ తీసుకుని పలకరింపుకి వచ్చారు. నేను టీ ఇచ్చాను. ఆవిడ కోసం మంచి ప్రార్థన ఒకటి చదివారు. చదివాక, వాడి భుజం మీద చెయ్యి వేసి, "పాతకాలం మనిషి. కులం పట్టింపు ఆవిడ తప్పు కాదు, పెరిగిన తీరు అలాంటిది. దేవుడు క్షమిస్తాడు. ఇక అడ్డం లేదు కాబట్టి, మీ ఇద్దరి సంగతీ..." అన్నారు.

మీ ఇష్టం అంటాడు, అయిపోయింది అనుకున్నాను.

"మా అమ్మకి కులం పట్టింపు లేదండీ" అన్నాడు రాఘవులు.

"పోనీలే నాయనా, ఇప్పుడవన్నీ..."

"లేదండీ. నాకోసం ఆడిన అబద్ధం అది." హైమవతి వైపు తిరిగాడు. "మీకు చెప్పాలి."

"రాఘవులూ, వద్దు. ఒప్పుకోళ్ళు మన పద్ధతి కాదు."

"చెప్పనివ్వు మావయ్యా" అంది హైమవతి.

చెప్పాడు. గొంతు ఎత్తలేదు, తడబడలేదు. మాణిక్యం పేరొక్కటే చెప్పలేదు. పిల్ల తల్లి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. తండ్రి లేచి బయటికి వెళ్ళిపోయాడు. హైమవతి కదల్లేదు.

"నీకు ముందే తెలుసా మావయ్యా?"

ఆయన తలొంచుకున్నారు. "ఒకరి లోపం ఇంకొకరికి చెప్పకూడదని..."

"మరి నన్ను ఇవ్వొచ్చా?"

ఆయన లేచి, మేనకోడలి తల్లిని నడిపించుకుంటూ మెట్లు దిగారు.

ఆ తర్వాత రాఘవుల్ని ఎవరూ వెళ్ళిపొమ్మనలేదు. ఒంటరిగా బతికినంత కాలం మనవాడేనన్నారు. వాళ్ళ సంఘం ఎన్నికల్లో ఓటు ఉంది, సమావేశానికి పిలుపు ఉంది. తెలుగు ప్రార్థన మాత్రం ఇంకెవరో చదువుతున్నారు. ఇదీ ఒక అక్కున చేర్చుకోవడమేనా అని నేనడిగితే, "నాకు ఇంకెక్కడికి పోవాలో తెలియదక్కా" అన్నాడు. మాత్రలు మానేశాడు, అదొకటి నయం. హైమవతికి తర్వాత లక్నోలో పెళ్ళయింది, బావుందని విన్నాను.

ఆ రోజు మాత్రం ఆ పిల్ల అందరూ దిగిపోయాక కూడా కుర్చీలోనే ఉంది. వాడిని తిడుతుందేమో, చాచి ఒకటి కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా న్యాయమే.

"ఆవిడ గిన్నె కడిగి ఇచ్చేవారు కదా. పులుసు పారబోసి కడుగుతున్నారనుకునేదాన్ని రెండేళ్ళూ" అంది. "తినేవారా?"

రాఘవులు వంటింటి వైపు చూశాడు. "నాకు మిగిల్చేది కాదండీ" అన్నాడు. "ఒక్క ముద్ద పెట్టవే అని అడిగినా పెట్టేది కాదు."

ఘాట్‌లో రాని ఏడుపు అప్పుడొచ్చింది, చిన్నపిల్లాడి ఏడుపు. హైమవతి ఇక లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. వాడు ఏడ్చినంతసేపూ ఎదురుగా కూర్చునే ఉంది.