రెండు పాదాలూ నేలకు ఆనాల్సిందే

నిన్న సత్తుపల్లిలో సైకిల్ షాపు మెట్లెక్కి కొత్త టైర్ల వాసన పీల్చానో లేదో, నా చెయ్యి మోకాలి మీది పాత మచ్చను తడుముకుంది.

మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. చెప్పులు, గౌన్లు, సైకిళ్ళు, ఏవైనా రెండేళ్ళు పెద్దవే కొనేవాళ్ళు. నా మొదటి సైకిలు సీటు నా ఛాతీ దాకా వచ్చేది. కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కేదాన్ని. మూడోరోజే బొగ్గు లారీలు తిరిగే బాటలో పడ్డాను. లేపబోతే ఆ ఇనుమంతా నా మీదికే ఒరిగింది. "నీకు చేతగాదు తియ్" అని నాయిన దాన్ని నాకంటే రెండేళ్ళు పెద్దయిన అన్నకు ఇచ్చేశాడు.

నిన్న నా ఐదేళ్ళ బిడ్డకు సైకిలు చూస్తుంటే అదే నాయిన, "పెద్దది తీస్కో, పెరిగే పిల్ల" అన్నాడు. షాపాయన కూడా తలూపాడు.

నేను వినలేదు. ఐదు సైకిళ్ళు వద్దన్నాను. కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలి, బ్రేకు బిడ్డ వేళ్ళకు అందాలి, పడితే తనే లేపుకోవాలి. ఆరోదాన్ని నేలమీద పడుకోబెట్టి "లేపు బిడ్డా" అన్నాను. లేపేసింది!

నాయిన కూడా ఒంటిచేత్తో ఎత్తి చూశాడు.

"ఏందే, గింత అల్కగున్నది?"

"అవ్ నాయినా. గప్పుడు నాకు చేతగాక పడలే. నాకని చెప్పి నువ్వు అన్నకు సరిపొయ్యే కొలతది కొన్నవ్."