బావ గడియారం ఎన్ని నిమిషాలు ముందుంది

ముందుగా నిశ్చయంగా తెలిసినవి. మా అక్క భర్త ఓపెన్‌కాస్ట్ గనిలో మట్టి మోసే డంపర్ నడిపేవాడు. ఒక మొదటి షిఫ్టులో, మట్టి పోసే కట్ట అంచు దాటి డంపర్ కిందికి జారింది. బావ అందులోనే చనిపోయాడు. బండి ఆగిన సమయం మధ్యాహ్నం ఒకటీ నలభై రెండు. దాన్ని రాసింది డంపర్‌లో ఉండే, ఉపగ్రహాన్ని అనుసరించే జీపీఎస్ యంత్రం కాబట్టి నమ్ముతాను.

ఇక విన్నది: ఆ క్షణంలో బావ చేతిలో వీడియో గేములాడే ఆటయంత్రం ఉందని. చూశానన్నవాడు ఒక్కడూ లేడు. చూసినవాడు చెప్పాడన్నవాళ్లు మాత్రం గోదావరిఖనిలో, మా చర్చి మెట్ల మీద, అక్కకు వినబడేటట్టే మాట్లాడారు.

ఆ ఆటయంత్రం ఇచ్చింది నేనే. ఫోన్‌లో ఆడేది ఆట కాదని నా అభిప్రాయం. మధ్యలో ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు. చేతిలో ఇమిడే ఆ యంత్రం మీటలు చూడకుండానే వేళ్లకు తెలుస్తాయి. మొదటిసారి వెలిగించినప్పుడు అది సమయం అడిగింది.

"జర ముందుకు పెట్టు బామ్మర్ది. కరెక్టు టైముతోని డ్యూటీ బస్సు దొరకదు" అన్నాడు బావ. ఆ ఇంట్లో ప్రతి గడియారమూ ముందే ఉండేది.

తప్పు సమయం నేను పెట్టనన్నాను.

"అబ్బో, సైన్సు సారు! ఇటియ్యి" అని లాక్కుని, నవ్వుతూ తానే పెట్టుకున్నాడు. ఎంత ముందుకో నేను చూడలేదు.

బావ పోయిన మూడోరోజు తోటి డ్రైవర్లు టిఫిన్ డబ్బాతో పాటు దాన్నీ సంచిలో వేసి తెచ్చారు. తామెవరూ తెరవలేదన్నారు, అదీ విన్నదే.

"నువ్వు కంప్యూటర్ల పని చేస్తవు గద తమ్మీ. దాంట్ల టైము ఉంటదట" అంది అక్క. "ఆడుకుంటనే పోయిండా, కాదా? గా ఒక్కటి చెప్పు. మల్ల ఆదివారం నా మొకం ఎట్ల చూపియ్యాలె?"

నేను ప్రోగ్రాములు రాసి బతుకుతాను. వాటిలో ఎవరు ఏది ఎప్పుడు మార్చారో నమోదు చేసే సాధనాలు రెండు రకాలు వాడాను. సబ్‌వర్షన్ అనే పాతదానిలో అందరికీ సమయం వేసేది ఒకే సర్వరు. గిట్ అనే కొత్తదానిలో ఎవరి కంప్యూటర్ ఏ సమయం చెబితే అదే చరిత్ర. నేను గిట్ పక్షమే. పూర్తి చరిత్ర ప్రతివాడి దగ్గరా ఉంటుంది, ఒక సర్వరు పాడైతే పోయేది కాదు. కానీ దాని తేదీలను సాక్ష్యంగా ఒప్పుకోను. గడియారం తప్పిన కంప్యూటర్ వల్ల, పునాది కంటే ముందే పైకప్పు వేసినట్టు చూపిన చరిత్రను స్వయంగా చూశాను. ఆటయంత్రం ఇంకా నాసిరకం: కొత్తగా భద్రపరిచిన ఆట పాతదాన్ని తుడిచేస్తుంది. మిగిలేది చివరి సమయమొక్కటే, అదీ దాని సొంత గడియారం చెప్పిందే.

ఇంత తెలిసీ, దాన్ని ఇరవై రోజులు బీరువాలో ఉంచాను. పని ఒత్తిడి అని చెప్పుకున్నాను. అసలు కారణం, దాన్ని ఇచ్చింది నేనే కావడం.

చివరికి ఛార్జింగు పెట్టి తెరిచాను. ఆట చివరిసారి భద్రమైంది ఆ రోజే, ఒకటీ యాభై ఒకటికి. బండి పడిన తొమ్మిది నిమిషాల తరువాత. తెరవలేదన్న డ్రైవర్ల మాట నిజమైతే, గడియారం కనీసం తొమ్మిది నిమిషాలు ముందుంది. కచ్చితంగా ఎంతో తెలియాలంటే దాన్ని నా ఫోన్ పక్కన పెడితే చాలు. కానీ బీరువాలో ఉన్న ఆ ఇరవై రోజుల్లో బ్యాటరీ పూర్తిగా అయిపోయి, గడియారం ఫ్యాక్టరీ తేదీకి వెళ్లిపోయింది.

అక్క వాళ్ల గని క్వార్టర్‌లో మిగతా గడియారాలు కొలిచాను. గోడ గడియారం పన్నెండు నిమిషాలు ముందుంది. బావ చేతి గడియారం పద్దెనిమిది. పన్నెండే లెక్కయితే, జీపీఎస్ రాసినదాని ప్రకారం ఆట భద్రపరిచే వేళకు బావ లోడుతో దారిలో ఉన్నాడు. పద్దెనిమిదైతే, మట్టి నింపే షావెల్ దగ్గర వరుసలో బండి ఆపుకుని ఉన్నాడు.

"తెల్వదక్కా" అన్నాను.

"తెల్వదంటే? ఆడలేదనే గద?"

"కాదు. తెల్వదంటే తెల్వదే."

అక్క గోడ గడియారం వైపు చూసింది. "మీ బావకు గడియారంల జరంత అబద్ధం పెట్టనంటివి. నాకు గూడ గంతేనా?"

ఆ ఆదివారం అక్క చర్చికి రాలేదు.

ఆటయంత్రం గడియారాన్ని బావ ఎన్ని నిమిషాలు ముందుకు పెట్టాడన్న ప్రశ్న అలాగే మిగిలింది. పెట్టమన్న రోజు నేను పెట్టలేదు. అక్క చూడమన్న రోజు చూడలేదు.