పద్నాలుగంగుళాల గొప్ప

బండి చక్రాలు ఎంత పెద్దవైతే నడిపేవాడు అంత మొనగాడని నేను మనసారా నమ్మిన రోజులవి. పాతికేళ్ళ వయసు, మా మేనమామ చిన్న తెల్లకారు, దానికి నేను డ్రైవరు. మామ బోగోలు తీరంలో ముప్పై ఏళ్ళు పడవ నడిపినవాడు. ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోయాక పడవ ఆయన కొడుకు, అంటే మా బావ చేతికి వెళ్ళింది, మామ మంచానికి చేరాడు. ఆ ఏడాది మామ కోరింది ఒక్కటే: చేపల వేట నిషేధం ఎత్తేసిన పొద్దున తన పడవ సముద్రంలోకి దిగుతుంటే చూడాలి. "మళ్ళా ఏటికి నేనుంటానో లేదో అబ్బయా" అన్నాడు.

అంతటి ప్రయాణానికి కారు రాజసంగా ఉండొద్దూ! కావలి వెళ్ళి పన్నెండంగుళాల చక్రాలు పీకించి పద్నాలుగువి వేయించాను. (టైర్ల షాపాయన "స్టీరింగ్ నిండా తిప్పితే మడ్‌గార్డుకు రాసుకుంటదన్నా, ఇసకలో లాగదు గూడా" అన్నాడు. అందం ముందు అవన్నీ ఎవడిక్కావాలి?) కారును చూసి అత్త బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "ఏందిరా ఇది, కొంగకి గంబూట్లు తొడిగినట్టుండాది!" అంటూనే నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టింది.

తీరా ఆ పొద్దున చూస్తే సీటు అంగుళం పైకి లేచింది. (వేరేచోట మూరెడని చెప్పాను, మన్నించండి.) మామ పడిపోయిన కాలు ఆ కాస్త ఎత్తు ఎక్కలేకపోయింది. నేనూ అత్తా మోసి కూర్చోబెట్టేసరికి ఎండెక్కింది. ఆలస్యం పూడ్చాలని తొక్కాను. "మీటరు నలభై అంటండాది, తాటిచెట్లు యాభై అంటండాయి. ఎవురి మాట నమ్మేదిరా?" అని మామ నవ్వాడు. చక్రం పెరిగితే మీటరు తక్కువ చూపిస్తుందని నాకప్పటికి తెలియదు. సరుగుడు తోపు దగ్గర ఎప్పుడూ ఒక్క తిప్పుతో తిరిగే మలుపు. ఆ రోజు నిండా తిప్పగానే టైరు కర్రుమని రాసుకుంది. నేను బెదిరి చెయ్యి సడలించాను. కారు తిన్నగా వెళ్ళి ఇసకలో దిగబడింది. ఎంత తొక్కినా ఆ గొప్ప చక్రాలు తమ గోతులు తామే తవ్వుకున్నాయి.

బావ చూసినంతసేపు చూసి, తోటివాళ్ళు కేకలేస్తుంటే ఆగలేక పడవ దింపాడట. చెట్ల సందులోంచి చూస్తే నీళ్ళ మీద నువ్వుగింజల్లా చుక్కలు. మామ మెడ చాచి చూసి, మంచి చేత్తో ఒక చుక్కను చూపించాడు. "సీటు ఎత్తు చేసినావు గదా, బాగానే కనపడతండాదిలే అబ్బయా. అదిగో, మనదే."

అది మాది కాదు. మాది ఎప్పుడూ ఇంకా దక్షిణంగా పోతుంది. నాకే తెలిసినప్పుడు, ముప్పై ఏళ్ళు నడిపినవాడికి తెలియదా?

మరుసటి ఏడు పడవలు దిగేనాటికి మామ లేడు. ఇప్పుడు నా కారుకు కంపెనీ ఇచ్చిన చక్రాలే ఉన్నాయి. కథలే కొంచెం పెంచుతుంటాను. ఇది చెప్పిన ప్రతిసారీ ఆ పడవను కాస్త ఒడ్డుకు జరుపుతాను. మొన్న చెప్పినప్పుడైతే, మామ కారులోంచి చెయ్యి చాపితే అందేంత దగ్గరికి వచ్చింది.