పడుకుంటే పెరిగే తలనొప్పి

2023, తమిళుల ఆడి నెల. తిరువళ్లూరులో ఒక ఆసుపత్రి పిల్లల వార్డులో నేను స్టాఫ్ నర్సుని. తిరుత్తణి అవతలి పల్లె నుంచి వచ్చే ఎనిమిదేళ్ల కీర్తనకు రక్తక్యాన్సర్. చెన్నైలో వైద్యం మొదలుపెట్టి, వెన్నులో వేసే సూదికీ, ఇంకొన్ని ఇంజెక్షన్లకూ మా దగ్గరికి పంపేవాళ్లు. వాటిలో ఆస్పరాజినేజ్ ఒకటి. క్యాన్సర్ కణాలకు తిండి దొరక్కుండా చేసే మందు అది. దానివల్ల ఒక్కోసారి రక్తం గడ్డకడుతుంది కూడా.

ఆ పొద్దున వాళ్ల అవ్వ పిల్లను ఎత్తుకొచ్చింది. మూడు రోజులుగా తలనొప్పి అట.

"సామీ, ఆడికృత్తిక పండగకి తిరుత్తణి కొండ మింద పిల్లకి గుండు కొట్టిస్తామని మురుగన్‌కి మొక్కుకున్నాము. మందుకి ఎంట్రుకలన్నీ ముందే రాలిపోయినాయి. మొక్కు తప్పినామని తల నొస్తా ఉండాది. ఇంకా..."

డ్యూటీ డాక్టరు అవ్వను తమిళంలో పాటీ అని పిలుస్తూ నవ్వాడు. "మురుగన్ కోపం కాదు పాటీ, వెన్నులో వేసిన సూది వల్ల. నీళ్లు తాగించు, కదలకుండా పడుకోబెట్టు."

వెన్నుకు సూది వేశాక తలనొప్పి మామూలే. అవ్వ ఇంకేదో చెప్పబోయింది, ఆయన అప్పటికే తర్వాతి చీటీ అందుకున్నాడు. నేనూ నవ్వాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

రెండు గంటలు అదే తంతు. అవ్వ పిల్లను లేపి కూర్చోబెట్టడం, నేను వెళ్లి పడుకోబెట్టడం. మూడోసారి కసిరాను.

"పడుకుంటేనే ఎక్కువవతా ఉండాది తల్లీ! కూర్చుంటే రవ్వంత నయం. అదే చెప్పబోతే యాడ విన్నారు మీరు?"

సూది వల్ల వచ్చే నొప్పి పడుకుంటే తగ్గాలి. పెరుగుతోందంటే తల లోపల ఒత్తిడి పెరుగుతున్నట్టు. డాక్టరు దగ్గరికి పరిగెత్తి స్కాన్ రాయమన్నాను.

"పాటీ మాటలు నువ్వూ నమ్ముతున్నావా సిస్టర్?"

"మొక్కు సంగతి కాదు సార్, పడుకుంటే పెరుగుతోంది!" అని అరిచాను. అంతలోనే కీర్తనకు ఫిట్స్ వచ్చాయి.

ఎమ్మారై వీనోగ్రామ్, అంటే మెదడులోని సిరల్ని చూపే స్కాన్ తీస్తే, పెద్ద సిర గడ్డకట్టి మూసుకుపోయి ఉంది. గడ్డ పెరగకుండా హెపారిన్ మొదలుపెట్టారు. పిల్ల బతికింది. కుడిచెయ్యి మాత్రం ఇప్పటికీ సరిగ్గా పట్టు రాలేదు, ఎడమచేత్తో రాస్తోంది.

నాకు అసలు మంట కేస్ షీట్ చూశాక పుట్టింది. "లక్షణాలను బంధువులు ఆలస్యంగా తెలిపారు" అని రాశాడా డ్యూటీ డాక్టరు. ఆలస్యమట! పెద్దావిడ నోట మొక్కు అన్న మాట రాగానే చెవులు మూసుకున్నది మేము. రోగం సంగతి ఆ తర్వాతి మాటలోనే ఉందని ఆ రోజే నేర్చుకున్నాను.

నర్సులు రాసే పేజీలో నేనూ రాశాను: "పొద్దున తొమ్మిదిన్నరకే అవ్వ చెప్పబోయింది. మేము చెప్పనివ్వలేదు." కొట్టేయమని పైనుంచి రెండుసార్లు కబురొచ్చింది. కొట్టేయలేదు.