గోడెక్కిన నీళ్ల మర

చంద్రగిరి దాటాక కొండ కింద ఒక వాగుంది. ఆ వాగు నీళ్లతో తిరిగే పాత పిండి మర ఒకటి అక్కడ మిగిలి ఉందని విని కెమెరా మెడలో వేసుకుని పోయాను. అప్పటికే పెళ్లి ఫొటోలు తీసి తీసి విసిగిపోయి ఉన్నాను. పెళ్లికూతుర్ని తెల్లగా చేయమంటారు, మామగారి పొట్ట తగ్గించమంటారు. అవన్నీ చేసి పెట్టిన చేతులే ఇవి. ఈ ఒక్కటి మాత్రం ఉన్నది ఉన్నట్టు తీయాలని పంతం పట్టాను.

మరలో మిగిలింది రాతి కాలువ, సగం విరిగిన చక్రం, రెండు తిరగలి రాళ్లు. పక్కనే రేకుల ఇంట్లో ఉండే అవ్వ, ఆ మర నడిపినవాళ్ల కోడలు. నేను వెలుతురు కోసం అటూ ఇటూ తిరుగుతుంటే వచ్చి చక్రానికి ఎదురుగా నిలబడి, రెండు చేతులూ చాపి చెప్పింది.

"ఎడంచేతి పక్క నించి నీళ్లు దుంకుతాయప్పా. కుడిచేతి పక్క పిండి పడతాది. ఆడనే నేను చాట పట్టుకోని కూసోనుంటి."

"అట్లనే తీస్తానవ్వా. ఏమీ మార్చను" అన్నాను.

వానలు పడి వాగు పారేదాకా ఆగి, నాలుగుసార్లు పోయి తీశాను. ఆ మరుసటి ఏడు వరదకు కాలువా, చక్రమూ కొట్టుకుపోయాయి. తిరగలి రాళ్లను ఎవరో ట్రాక్టర్లో వేసుకుపోయారు. ఇక అవ్వ ఆ మరను చూడాలంటే నా ఫొటో తప్ప దిక్కు లేదు.

తిరుపతిలో ఫ్రేములు కట్టే స్నేహితుడొకడు ఉండేవాడు. ఒకే స్టూడియోలో పని నేర్చుకున్నవాళ్లం. నా ఫొటో వాడి చేతికిచ్చాక మళ్లీ సరిచూసుకునే అలవాటే లేదు నాకు. తిరుచానూరులో కొత్త లాడ్జికి గోడంత పటం కావాలని వాడు అడిగితే ఈ మర ఫొటో ఇచ్చాను. అవ్వకిచ్చిన మాట కూడా చెప్పాను.

"ఏమీ ముట్టుకోవద్దప్పా."

"నాకు చెప్పల్లా?" అని నవ్వినాడు.

లాడ్జి తెరిచిన రోజు అవ్వను ఆటోలో తీసుకుపోయాను. కంటి ఆపరేషన్ అయినాక ఆమెకు చూపు బాగుంది. పెట్టెలోని చీర తీసి కట్టుకుంది. దారి పొడుగునా ఆటోవాడికి, "మా మర పటం కట్టినారంట" అని చెబుతూనే ఉంది.

లోపలికి అడుగు పెట్టగానే నాకు తెలిసిపోయింది. నీళ్లు కుడి నుంచి దూకుతున్నాయి. వెనక కొండ కూడా అద్దంలో చూసినట్టు అటు తిరిగింది. కింద మూలలో నా పేరు ఒక్కటే తిరగబడకుండా చక్కగా అచ్చయింది. అక్కడే ఉన్న స్నేహితుణ్ణి మెట్ల దగ్గరికి లాక్కుపోయాను.

"ఎడమ నించి పారితే నీళ్లు వాకిలి దిక్కు పోతాయప్పా. లక్ష్మి బయటికి పోయినట్టే అని వాస్తు ఆయన వద్దన్నాడు. అందుకే తిప్పి వేయించినాను. ఎట్ల తిప్పినా మరే కదా. ఎవురికి తెలస్తాది?"

"నాకు ఒక మాట చెప్పుండచ్చు కదా?"

"చెప్తే నువ్వు ఒప్పుకోవు."

అదే నన్ను కోసింది. పొరపాటున చేసి ఉంటే తిట్టి ఊరుకునేవాణ్ణి. నేను ఒప్పుకోనని తెలుసు, ఎందుకు ఒప్పుకోనో కూడా తెలుసు. తెలిసే చేశాడు. అంత దగ్గరివాడు కాకపోతే అంత సులభంగా చేయగలిగేవాడు కాదు. ఆ రోజు తర్వాత వాడి అంగడి మెట్లు ఎక్కలేదు.

తిరిగి లోపలికి వచ్చేసరికి అవ్వ పటం ముందే నిలబడి ఉంది. ఎడమ చెయ్యి చాపింది. పటం వైపు చూసింది. కుడి చెయ్యి చాపింది. తర్వాత రెండూ దించేసి, కొంగు సర్దుకుంది.

"బాగుండాదప్పా. ఇది యా ఊరి మర?"

ఆమె మిగతా గోడలన్నీ ఒకసారి కలియజూసి, మర్యాదగా గొంతు తగ్గించి అడిగింది.

"మాది యాడ పెట్టినారు?"